వీసా ముందా... రైలు టికెట్ ముందా?

పిల్లల దగ్గరికి విదేశం వెళ్ళే అమ్మానాన్నలు విమానం టికెట్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. అక్కడ దిగాక ఎక్కే రైళ్ళ సంగతి మాత్రం ఆఖరికి మిగిలిపోతుంది. వాటి టికెట్లు ఎప్పుడు తీసుకోవాలి? మనకు అలవాటైన లెక్క అక్కడ ఎందుకు పనికిరాదు?

ఉత్తరాంధ్రలోని సాలూరులో రైలు ప్రయాణం బస్సుతో మొదలవుతుంది. బొబ్బిలికో విజయనగరానికో చేరితే గాని రైలు అందదు. ఊరికి పట్టాలు లేక కాదు. విజయనగరం నుంచి పార్వతీపురానికి 1908-09లో రైలు వచ్చింది, బొబ్బిలి దగ్గర చీలి సాలూరు వచ్చే కొమ్మ 1913లో పడింది. ఆ కొమ్మ మీద ఒంటి పెట్టె రైలుబస్సు ఏళ్ళ తరబడి తిరిగింది, కోవిడ్ ఏడాదిలో ఆగింది. కాబట్టి ఇక్కడివాళ్ళకు టికెట్ తీయడం అంటే దూరపు స్టేషన్ నుంచి బయల్దేరే రైలుకు ఇంట్లో కూర్చుని ముందే లెక్కలు వేసుకోవడం. ఇందులో మనవాళ్ళకు చెయ్యి తిరిగిందే.

ఒక జంటను ఊహించుకుందాం. ఆయన రిటైరైన బడిపంతులు, ఆవిడ ఇల్లు చూసుకునే మనిషి. కూతురు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. మే పదిన బయల్దేరి జూలై చివరిదాకా ఉండి రావాలని అనుకున్నారు. పిల్ల ఖాళీ చూసుకుని పారిస్, రోమ్ చూపిస్తానంది. స్విట్జర్లాండ్‌లో మంచుకొండ ఎక్కాలన్నది ఆవిడ కోరిక. ఇంకా డిసెంబరు నెలే, పంతులుగారికి అప్పుడే నిద్ర పట్టడం లేదు.

"రైలు టికెట్లు తీసేసేవేటమ్మా?"

"లేదు నాన్నా. వీసా రానియ్యి."

"వీసా వచ్చేసరికి బెర్తులు అయిపోవూ?"

ఈ ప్రశ్నలో ఒక దేశం రైల్వే అనుభవమంతా ఉంది. కాని ఇది వేరే దేశం రైలుకు వేసిన ప్రశ్న.

దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది?

మన రైల్వేలో చార్జీ దూరాన్ని బట్టి, తరగతిని బట్టి ఉంటుంది. రెండు నెలల ముందు తీసినా, ముందురోజు కౌంటర్లో ఖాళీ దొరికి తీసినా విజయనగరం నుంచి సికింద్రాబాద్‌కు స్లీపర్ చార్జీ మారదు. తత్కాల్‌కు అదనంగా కట్టాలి, అంతే. దొరుకుతుందా లేదా అన్నదొక్కటే బెంగ. అందుకే ఆర్‌ఏసీ, వెయిటింగ్ లిస్ట్ అనే మాటలు ఇంగ్లీషు రానివాళ్ళకీ తెలుసు. నూట ఇరవై రోజుల ముందు తీసుకునే వీలును రైల్వే 2024 నవంబరు 1 నుంచి అరవై రోజులకు తగ్గించినప్పుడు మన ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద గీతలు మారాయి. 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్ళలో పది శాతం బెర్తులు అమ్ముడైన ప్రతిసారీ చార్జీ పది శాతం పెరిగే పద్ధతి పెట్టారు గాని, ఆ రైళ్ళు బొబ్బిలి మీదుగా పోవు. ఆ దెబ్బ మనకు తగలలేదు.

జర్మనీలో సంగతి దాదాపు తలకిందులు. అక్కడి ఐసీఈ అనే వేగపు రైలుకు సాధారణంగా సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. టికెట్ ఉంటే రైలెక్కొచ్చు. ఎక్కాక కూర్చోవడానికి చోటు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఆఖరి నిమిషంలో స్టేషన్‌కు వెళ్ళినా టికెట్ లేదనరు. ధర మాత్రం వేరుగా ఉంటుంది. డాయిష్ బాన్ అనే వాళ్ళ రైల్వే సంస్థ 'సూపర్ స్పార్‌ప్రైస్' పేరుతో అమ్మే చవక టికెట్ చాలాకాలం 17.99 యూరోల నుంచి మొదలైంది. మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కు అదే రైలులో, అదే సీటుకు, ఏ రైలైనా ఎక్కే వీలున్న పూర్తి ధర టికెట్ తీస్తే నూట యాభై యూరోలు దాటుతుంది.

అంటే పంతులుగారు తొందరపడటం తప్పు కాదు, తొందరకు చెప్పిన కారణమే తప్పు. అక్కడ ముందు కొనేది బెర్తు కోసం కాదు, ధర కోసం. ఈ తేడా తెలిస్తే ఏ టికెట్‌కు తొందరపడాలో, ఏ టికెట్‌ను వదిలెయ్యాలో సగం తేలిపోతుంది.

తిరుగు లోడు లెక్క

ఈ ధరలు ఎందుకిలా ఎక్కుతాయో విజయవాడలో ఎకనామిక్స్ చదివినవాళ్ళకంటే సాలూరు లారీ ఓనరుకే తొందరగా అర్థమవుతుంది. ఊరు బతుకుతున్నదే లారీల మీద. జాతీయ రహదారి 26 మీద సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్ దాటి రాయపూర్ వైపు వెళ్ళిన బండి తిరిగి ఖాళీగా రాకూడదు. ఖాళీగా వచ్చినా డీజిల్ ఖర్చు, డ్రైవరు బత్తా తప్పవు. అందుకే తిరుగు లోడు తక్కువ రేటుకైనా ఒప్పుకుంటారు. సరుకు ఎక్కువై బండ్లు తక్కువైన సీజన్లో అదే దారికి రేటు ఆకాశంలో ఉంటుంది. రైలు సీటూ అంతే. బయల్దేరిన రైలులో ఖాళీ సీటును మర్నాడు అమ్ముకోలేరు.

అయితే సాలూరు లెక్క ఒక దగ్గర తిరగబడుతుంది. లారీ ఓనరు ఆఖరి నిమిషంలో రేటు దించుతాడు. రైలు కంపెనీ ముందు చవకగా ఇచ్చి, ఆఖర్న పెంచుతుంది. నెలల ముందు కొనేది సెలవు ప్రయాణికులు, ధర చూసి మనసు మార్చుకునేవాళ్ళు. రేపు ఉదయం మీటింగుకు వెళ్ళాల్సినవాడు ఎంతైనా ఇస్తాడు. కాబట్టి 'ఆఖర్న రేటు పడుతుందిలే' అని కూర్చునే తెలివి ఇక్కడ పనికిరాదు.

ఈ విద్య రైళ్ళకు విమానాల నుంచి వచ్చింది. అమెరికాలో 1978లో విమానచార్జీల మీద ప్రభుత్వ అదుపు పోయాక ఎయిర్‌లైన్లు ఒకే సీటును పది ధరలకు అమ్మడం నేర్చుకున్నాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాడిన సేబర్ అనే కంప్యూటర్ వ్యవస్థను ఫ్రాన్స్ రైల్వే తెచ్చుకుని, 1993లో 'సోక్రాట్' పేరుతో దించింది. మొదట్లో అది పెట్టిన గందరగోళానికి ఫ్రాన్స్ ప్రయాణికులు మండిపడ్డారు. జర్మనీ 2002 డిసెంబరులో అలాంటి పద్ధతే తెచ్చి, సగం ధరకు తిరిగే పాత కార్డును తీసేసింది. జర్మన్లు ఊరుకోలేదు. 2003లో ప్రయాణికుల విభాగం పెద్దలు పదవులు వదిలారు, కార్డు తిరిగొచ్చింది. రైలంటే ఎప్పుడైనా ఎక్కేదేగాని బేరమాడేది కాదన్న భావం వాళ్ళకూ ఉండేదన్నమాట. అయితే ముందు కొన్నవాడికి చవక అన్న సూత్రం మాత్రం పోలేదు. ఇప్పుడు పారిస్ వెళ్ళే టీజీవీ, లండన్ వెళ్ళే యూరోస్టార్, ఇటలీలో ట్రెనిటాలియా, ఇటాలో అన్నీ ఆ దారినే నడుస్తున్నాయి. పోటీ ఉన్న దారిలో ధర కాస్త దిగుతుంది. ఇటలీలో ఇటాలో 2012లో, స్పెయిన్‌లో విగో 2021లో, ఇర్యో 2022లో వచ్చాక ప్రయాణికులకు మేలే జరిగింది.

అసలు ముడి వీసా దగ్గర

చవక టికెట్‌కు ఒక షరతు ఉంటుంది. అది ఆ రైలుకే, ఆ రోజుకే. రద్దు చేస్తే డబ్బు రాదు, వచ్చినా కొంతే వస్తుంది. యూరప్‌లో పెరిగినవాడికి ఇది పెద్ద చిక్కు కాదు, పాస్‌పోర్టు జేబులో వేసుకుని వెళ్తాడు. మనకు మధ్యలో వీసా ఉంది. నా దృష్టిలో ఎప్పుడు కొనాలన్న ప్రశ్నకు జవాబు రైల్వే సైట్‌లో లేదు, వీసా క్యాలెండర్లో ఉంది.

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. మామూలుగా పదిహేను రోజుల్లో తేల్చాలి, అవసరమైతే నలభై అయిదు రోజులదాకా సాగదీయొచ్చు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. తిరస్కరిస్తే ఆ డబ్బు పోతుంది. దానికి తోడు డబ్బు తిరిగిరాని రైలు టికెట్లు కూడా పోగొట్టుకోవడం ఎందుకు? దరఖాస్తుతో పాటు ప్రయాణ వివరాలు అడుగుతారు నిజమే. దానికి ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో రాసి, రద్దు చేసుకోగల హోటల్ బుకింగులు పెడితే సరిపోతుంది. ట్రావెల్ ఏజెంటు 'అన్ని టికెట్లూ కొని చూపిస్తే వీసా ఖాయం' అన్నాడంటే అతని కమీషన్ ఖాయమని అర్థం.

మన పంతులుగారి తేదీలు పెట్టి చూద్దాం. మే పది ప్రయాణానికి నవంబరు పది నుంచి దరఖాస్తు తలుపు తెరిచే ఉంది. వేసవి దగ్గర పడితే హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. జనవరి మొదట్లో వెళ్ళి వేలిముద్రలు ఇచ్చొస్తే, నలభై అయిదు రోజులు పట్టినా మార్చి మొదటికల్లా సంగతి తేలుతుంది. అప్పటికి జూన్ నెల పారిస్ రైలుకు ఇంకా మూడు నెలలుంది. చవక టికెట్లు అయిపోయే సమయం కాదది. అందుకే కూతురు 'వీసా రానియ్యి' అంటోంది. ఆమె బద్ధకించడం లేదు.

లండన్ వెళ్ళేవాళ్ళకు ఇంత వెసులుబాటు లేదు. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అడగనిస్తారు. నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు. అక్కడి రైళ్ళలో చవకైన 'అడ్వాన్స్' టికెట్లు తెరిచేదీ దాదాపు పన్నెండు వారాల ముందే. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. వీసా వచ్చేసరికి కొన్ని చవక టికెట్లు పోయి ఉంటాయి, పోనివ్వండి. బ్రిటన్‌లో 'ఆఫ్ పీక్' అనే టికెట్ ఒకటుంది. రద్దీ వేళలు తప్పించి ఎప్పుడైనా ఎక్కొచ్చు, ఆఖరి రోజున కొన్నా అదే ధర. పైగా అరవై దాటినవాళ్ళు సీనియర్ రైల్‌కార్డ్ తీసుకుంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. ఆ దేశంలో ఉండేవాళ్ళకే అన్న నిబంధన లేదు. మన రైల్వే వృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపేసింది. దాన్ని తలుచుకుని నిట్టూర్చే పెద్దలకు దొరల దేశంలో రాయితీ దొరకడం ఒక వింత.

అసలు ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ళకు పరదేశం ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. భీమునిపట్నం, కళింగపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి వేలమంది రంగూన్ ఓడలెక్కారు. బర్మాలో వరికోతలకీ, బియ్యం మిల్లుల సీజనుకీ కూలీలు కావాలి. ఓడ టికెట్ ఎప్పుడు కొనాలన్నది కూలీ చేతిలో ఉండేది కాదు, మేస్త్రీ చేతిలో ఉండేది. ప్రయాణపు ఖర్చును మేస్త్రీ ముందు పెట్టేవాడు, తర్వాత అది కూలిలో కోసుకునేవాడు. టికెట్ చేతికందేసరికే అప్పు మొదలయ్యేది. 1942లో జపాన్ సేనలు ముంచుకొచ్చినప్పుడు అక్కడి మనవాళ్ళలో ఎందరో టికెట్ లేని దారిన, అడవుల్లో పడి నడిచి వచ్చారు. వాళ్ళ మునిమనుమలే ఇవాళ మూడు నెలల ముందు ఫోన్లో సీటు ఎంచుకుంటున్నారు.

ఏది ఇప్పుడు, ఏది అప్పుడు

వీసా వచ్చింది, విమానం టికెట్ అయింది. ఇక రైళ్ళు. అన్నీ ఒక్క రాత్రిలో కొనేయాలన్న ఉబలాటం వస్తుంది. ఆగాలి.

మ్యూనిక్ నుంచి పారిస్ రైలు వెంటనే కొనాల్సిందే. దూరం ఎక్కువ, ధర కదులుతుంది, రోజు ఖాయం. టీజీవీలో సీటు తప్పనిసరి కాబట్టి అది నిండిపోవచ్చు కూడా. రోమ్‌కు రాత్రి రైలులో వెళ్దామనుకుంటే అది అన్నిటికంటే ముందు. ఆస్ట్రియా వాళ్ళ నైట్‌జెట్ రైళ్ళలో పడక గదులు కొన్నే ఉంటాయి. 'బెర్తులు అయిపోవూ?' అన్న పంతులుగారి బెంగ యూరప్ మొత్తంలో సరిగ్గా సరిపోయేది ఇక్కడే. అయితే ఒక జాగ్రత్త ఉంది. యూరప్‌లో రైళ్ళ టైంటేబుల్ ఏటా డిసెంబరు రెండో శనివారం అర్ధరాత్రి మారుతుంది. ఆ తేదీకి తర్వాతి రైళ్ళ టికెట్లు కొన్ని దేశాల్లో ఆలస్యంగా తెరుస్తారు. సంక్రాంతికి పిల్లల దగ్గరుందామని శీతాకాలంలో వెళ్ళేవాళ్ళు సైట్‌లో రైలే కనబడలేదని కంగారుపడొద్దు.

దగ్గర ఊళ్ళకు ముందు కొనక్కర్లేదు. జర్మనీలో ప్రాంతీయ రైళ్ళు, మెట్రోలు, సిటీ బస్సులు అన్నిటికీ కలిపి నెలవారీ టికెట్ 'డాయిష్‌లాండ్ టికెట్' 2023 మేలో 49 యూరోలతో మొదలైంది. తర్వాత ధర పెరిగినా, నెలరోజులుండే అమ్మానాన్నలకు దానికి మించింది లేదు. ఐసీఈ మాత్రం దాంతో ఎక్కనివ్వరు. అది చందా పద్ధతి కాబట్టి నెల పదో తేదీలోపు రద్దు చెయ్యకపోతే మరో నెల డబ్బు కోస్తారు. మనవాళ్ళు ఇండియా వచ్చేశాక కూడా కోతలు పడుతుండే టికెట్ ఇది. ఇటలీలో 'రెజియోనాలె' రైళ్ళకు ధర ఎప్పుడు కొన్నా ఒకటే. లక్సెంబర్గ్‌లో అయితే 2020 ఫిబ్రవరి 29 నుంచి రెండో తరగతికి టికెట్టే లేదు, ఎక్కి కూర్చోవడమే.

మంచుకొండ సంగతి వేరు, అదే నాకు బాగా నచ్చిన చిక్కు. యుంగ్‌ఫ్రావ్ శిఖరాల మధ్యకు, సముద్రమట్టానికి 3454 మీటర్ల ఎత్తుకు చేర్చే కొండ రైలు 1912లో పూర్తయింది. సాలూరుకు పట్టాలు పడటానికి ఏడాది ముందు. ఆ టికెట్ ఖరీదైనది. నెలల ముందు కొని, తీరా ఆ రోజు మబ్బు కమ్మితే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. పైన కెమెరాలున్నాయి, పొద్దున్నే ఫోన్లో చూడొచ్చు. ఆకాశం తేటగా ఉంటే అప్పుడు కొనాలి. పంతులుగారి ముందుచూపు ఇక్కడ ఓడిపోతుంది, ఆవిడ 'చూద్దాంలెండి' గెలుస్తుంది. కొండ కిందదాకా వెళ్ళే స్విస్ రైళ్ళ మామూలు చార్జీ కూడా ఆఖరి రోజున పెరగదు. ముందు కొంటే తగ్గింపు టికెట్లు ఉంటాయి గాని, వాటి కోసం వాతావరణంతో జూదమాడక్కర్లేదు.

జపాన్ వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు చార్జీలో సీజన్ తేడా కొంచెమే, సీట్లు నెల ముందే తెరుస్తారు. తొందర లేదు. ఒకప్పుడు కళ్ళు మూసుకుని కొన్న వారంరోజుల రైలు పాసు 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000కు ఎగబాకింది. లెక్క వేసుకోకుండా కొనొద్దు. యూరప్‌లో యూరైల్ పాసూ అంతే. అది 1959 నుంచి ఉన్న పేరు, రోజుకో ఊరు తిరిగే కుర్రాళ్ళకు మంచిది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అంత తిరగలేరు. పైగా టీజీవీలో, యూరోస్టార్‌లో పాసు ఉన్నా సీటుకు వేరే కట్టాలి.

ఆలస్యాల దేశం

జర్మనీ రైలంటే గడియారమనుకునే రోజులు పోయాయి. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, 2024లో డాయిష్ బాన్ దూరప్రాంత రైళ్ళలో సమయానికి వచ్చినవి 62.5 శాతమే. ఈ అంకె టికెట్ కొనే తీరును మార్చాలి. విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేదైతే, ఆ రోజు మ్యూనిక్ రైలుకు చవక టికెట్ కొనడం నా లెక్కలో పిసినారితనం. ఇమ్మిగ్రేషన్ వరస, రాని సూట్‌కేసు, తెలియని స్టేషను, ఇవన్నీ దాటి గంటన్నరలో రైలందుకోవాలి. అందుకోకపోతే టికెట్ పోయినట్టే, ఎందుకంటే ఆలస్యం రైలుది కాదు. ఆ రోజుకు ఏ రైలైనా ఎక్కే టికెట్టో, ఎయిర్‌లైన్‌ దగ్గరే విమానంతో కలిపి అమ్మే రైలు టికెట్టో ఉండాలి. తిరుగు విమానం రోజునా అంతే. మిగతా ప్రయాణాల్లో చవక టికెట్ ఉన్నా భయం లేదు. గమ్యానికి ఇరవై నిమిషాలో అంతకు మించో ఆలస్యమయ్యేలా ఉంటే ఆ రైలుకే అన్న షరతు జర్మనీలో ఎగిరిపోతుంది, వేరే రైలెక్కొచ్చు. యూరప్ నిబంధనల ప్రకారం గంట ఆలస్యానికి టికెట్‌లో పావు వంతు, రెండు గంటలకు సగం తిరిగిస్తారు. దారిలో రైలు మారాలంటే మొత్తం ఒకే టికెట్ మీద కొనాలి. ముక్కలుగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది పోయినప్పుడు వాదన పెరుగుతుంది.

ఐసీఈలో రిజర్వేషన్ అక్కర్లేదన్నాను కదా, పెద్దవాళ్ళకు మాత్రం ఐదు యూరోల పైచిలుకు పోసి సీటు తీసుకోవాలి. నాలుగు గంటలు తలుపు దగ్గర నిలబెట్టి మిగిల్చిన డబ్బుతో మందులు కొనాల్సి వస్తుంది.

పేరు సంగతి కూడా కొనేముందే చూసుకోవాలి. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి అక్కడి ఫారాల్లో తిరగబడుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. కార్డు విషయం మరొకటి. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులకు విదేశీ చెల్లింపు మొదట మూసే ఉంటుంది, బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. అర్ధరాత్రి చవక టికెట్ కనబడ్డాక కార్డు తిరగబడితే, తెల్లారేసరికి ఆ ధర ఉండకపోవచ్చు.

తిరుగు ప్రయాణం మన లెక్కలోనే

యూరప్ రైళ్ళన్నీ కుదిరాక మిగిలేది హైదరాబాద్‌లో దిగి ఇంటికి చేరడం. జూలై 28న సికింద్రాబాద్‌లో రైలెక్కాలంటే అరవై రోజుల ముందు, మే 29న ఉదయం ఎనిమిదికి టికెట్లు తెరుస్తారు. అప్పటికి వీళ్ళు మ్యూనిక్‌లో ఉంటారు. వేసవిలో అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక, అంటే తెల్లవారుజామున నాలుగున్నర.

"నువ్వు పడుకో అమ్మా, నేను లేస్తాను" అంటారు పంతులుగారు. నలభై ఏళ్ళ అలవాటు. కూతురు ఖాతా కంటే ఆయన ఖాతాయే మేలు కూడా. బుకింగ్ తెరవగానే ఆధార్ ధ్రువీకరణ ఉన్నవాళ్ళకే ఐఆర్‌సీటీసీ ముందు అవకాశం ఇస్తోంది. ఆ ధ్రువీకరణ ఓటీపీ, బ్యాంకు ఓటీపీలూ వచ్చేది ఇండియా నంబరుకే. కాబట్టి ఆ పని సాలూరులో ఉండగానే చేసుకుని, సిమ్‌కు రోమింగ్ వేయించుకుని బస్సెక్కాలి.